పదకొండేళ్లకే ఫ్లైఓవర్‌కి ఏం రోగం?

ప్రశ్న: పీణ్యాలో మాకు చిన్న లేత్ వర్క్‌షాప్ ఉంది సార్. తుమకూరు రోడ్డు ఫ్లైఓవర్ 2010లో తెరిచారు, 2021 డిసెంబర్లో కేబుళ్లు పాడయ్యాయని మూసేశారు. కార్లను రెండు నెలల్లో వదిలారు గానీ మా సరుకు లారీలు 2024 జూలై దాకా కింద సర్వీస్ రోడ్డులోనే నలిగాయి. శ్రీరంగపట్నంలో 1804 నాటి రాతి వంతెన ఇంకా నిలబడే ఉందే, దీనికేమైంది?
– ఒక పాఠకుడు, దాసరహళ్లి, బెంగళూరు

జవాబు: కోపం న్యాయమే గానీ పోలిక కుదరదండీ. అక్కడ బరువు మోసేది రాయి, స్తంభాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, కట్టింది ఎద్దుబళ్ల కాలంలో. మీ ఫ్లైఓవర్ అలా కాదు, విడిగా పోతపోసిన కాంక్రీటు పెట్టెలను వరసగా చేర్చి, లోపలి గొట్టాల్లో ఉక్కు కేబుళ్లు దూర్చి, జాకీలతో లాగి బిగించారు. మీ షాపులో నాలుగు ప్లేట్లను ఒకే బోల్టుతో పట్టి ఉంచినట్టన్నమాట, బిగువు పోతే పని అయిపోయినట్టే.

బిగించాక గొట్టంలోకి సిమెంటు పాలు పంపు చేస్తారు. దాన్నే గ్రౌట్ అంటారు. అందులో నీళ్లు ఎక్కువైతే తేరుకుని పైకొస్తాయి, గొట్టం ఎత్తుగా ఉన్నచోట ఖాళీ మిగులుతుంది, అక్కడికి గాలీ తేమా చేరాయంటే తుప్పు మొదలు. పైకి మాత్రం ఏమీ కనపడదు, అదే అసలు భయం. 1985లో వేల్స్‌లో ఇనిస్-ఇ-గ్వాస్ అనే చిన్న వంతెన, ముక్కల అతుకుల దగ్గర కేబుళ్లు తుప్పు తినేసి, ఉన్నట్టుండి కూలిపోయింది. 1992లో బ్రిటన్ ఈ తరహా కొత్త వంతెనలను కొన్నేళ్లపాటు ఆపేసింది కూడా.

మన దగ్గర 2011లో వచ్చిన ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 112 కోడ్, అంటే కాంక్రీటు వంతెనల నియమావళి, వంతెనకి వందేళ్ల ఆయుష్షు లెక్కవేసి డిజైన్ చేయమంది. రేకు గొట్టాల బదులు ప్లాస్టిక్ గొట్టాలు, సైట్లో కలిపే పాలకు బదులు సంచుల్లో తయారుగా వచ్చే గ్రౌట్ వాడకం పెరిగాయి. పీణ్యాలో 120 స్పాన్లకీ (స్తంభానికీ స్తంభానికీ మధ్య ముక్కలు) రెండేసి కొత్త కేబుళ్లు వేసి, లారీలు నిలిపి బరువు పరీక్ష చేశాకే వదిలారు. నన్నడిగితే, గొట్టాల కన్నా ముఖ్యం ఇంకోటి: కేబుళ్లను పెట్టె బోలులో బయటికి కనపడేలా వేయడం, మనిషి లోపలికెళ్లి చూసి, చెడితే మార్చగలగాలి. ఇలా కట్టడం కొత్తేం కాదు, ఖర్చనో తొందరనో మానేస్తుంటారు, అంతే.

ప్రశ్న: హెబ్బాళ ఫ్లైఓవర్ మీద జామ్‌లో ఆగినప్పుడు పక్కన బస్సు వెళ్తే ఊగినట్టుంటుంది. టెన్షన్ పడాలా?
– ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: అక్కర్లేదమ్మా, కాస్త ఊగాల్సిందే, అలా ఉండేలాగే కడతారు. జాయింటు మీద 'దబ్'మని మోగితే మాత్రం గమనించండి. అక్కడ రబ్బరు చిరిగి వాన నీళ్లు కింద బేరింగుల (స్తంభానికీ పై వంతెనకీ మధ్య ఉండే దిమ్మెలు) మీదికి కారుతుంటాయి. కింది నుంచి చూస్తే స్తంభం తల మీద ఎర్రటి చారలు కనపడతాయి. ఫొటో తీసి, తేదీ రాసి, ఫిర్యాదుకి జతచేయండి.