కవిత్వం వలసల బీరువాలో ఎందుకుంది?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. ఉస్మానియాలో గ్రంథాలయ శాస్త్రంలో పీజీ చేసి, నల్లగొండలో ఒక ప్రైవేటు కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. అమెరికా నల్లజాతీయుల చరిత్ర, సాహిత్యాలలో ప్రత్యేక నైపుణ్యం ఉన్న గ్రంథపాలకురాలిని కావాలని నా కోరిక. ఇంట్లో మాత్రం “మనకూ వాళ్లకూ ఏం సంబంధం, ఉద్యోగం ఎవరిస్తారు” అంటున్నారు. ఈ దారిలో వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లవచ్చు. అయితే ఈ పనికి ప్రాణం ఎక్కడుందో ముందు తెలుసుకోండి. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1930లో నల్లజాతీయుల పుస్తక సేకరణ బాధ్యత చేపట్టిన గ్రంథపాలకురాలు డొరొతీ పోర్టర్, నల్లజాతీయుల పుస్తకాలను ఇతర గ్రంథాలయాలు ఎలా సర్దుతున్నాయో విచారించారు. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో సర్దే డ్యూయీ దశాంశ వర్గీకరణలో బానిసత్వానికి 326, వలసలకు 325 ఉండేవి. నల్లవారికి సంబంధించిన పుస్తకం ఏదైనా ఈ రెండింటిలో ఒకదాని కిందికి తోసేవారు. జేమ్స్ వెల్డన్ జాన్సన్ కవితా సంపుటి కూడా, ఆయన నల్లజాతి కవి అయిన ఒక్క కారణానికే, 325లోకి పోయేది. పోర్టర్ దాన్ని అంగీకరించక, కవిత్వాన్ని కవిత్వంలో, సంగీతాన్ని సంగీతంలో, చరిత్రను చరిత్రలో చేర్చి సూచికను కొత్తగా కట్టారు. పుస్తకం వెన్ను మీద అంటించే చిన్న చీటీలోని అంకె ఒక జాతిని కవులుగా చూపగలదు, వలస సమస్యగానూ చూపగలదు.

ఇక మీ ఇంట్లోవారి మాట. ప్యూర్టోరికోలో పుట్టిన ఆర్టురో షోంబర్గ్‌కు చిన్నతనంలో ఒక ఉపాధ్యాయుడు నల్లవారికి చరిత్రే లేదని చెప్పాడట. ఆయన జీవితమంతా పుస్తకాలు, రాతప్రతులు వెతికి పోగుచేయగా, 1926లో కార్నెగీ సంస్థ ఆ సేకరణను 10,000 డాలర్లకు కొని న్యూయార్క్ ప్రజా గ్రంథాలయానికి ఇచ్చింది. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో నల్లజాతి చరిత్ర, సాహిత్యాల కోసం ఉన్న షోంబర్గ్ కేంద్రానికి అదే పునాది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గారు మన పాలమూరు బిడ్డే కదా. 1946లో అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు రాసిన ఉత్తరం మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం భద్రపరిచిన డుబాయిస్ పత్రాలలో ఉంది; ఇంటర్నెట్‌లో తెరిచి ఇంట్లోవారికి చదివి వినిపించండి. సంబంధం ఏమిటన్నది ఆ ఉత్తరమే చెబుతుంది.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. అమెరికా విశ్వవిద్యాలయ గ్రంథాలయాలలో ఇలాంటి కొలువులకు సాధారణంగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్ పట్టా అడుగుతారు, చాలాచోట్ల చరిత్రలోనో సాహిత్యంలోనో మరో పట్టా ఉంటే మొగ్గు చూపుతారు. నల్లజాతీయుల కోసం ఏర్పడిన నార్త్ కరోలినా సెంట్రల్ విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్ర విభాగం ఉంది కనుక దాని వివరాలు తప్పక చూడండి. కొలువులు కొద్ది, పోటీ ఎక్కువ, వీసా చిక్కులు వేరే. అందువల్ల ఫీజు మినహాయింపో, చదువుతూనే గ్రంథాలయంలో పనిచేసే అసిస్టెంట్‌షిప్పో చేతికి రాకుండా పొలం కుదువబెట్టి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను.

అంతవరకు ఖాళీగా కూర్చోనక్కరలేదు. ఉస్మానియా ప్రాంగణంలో 1964లో వెలసిన అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం అమెరికా సాహిత్యానికి పేరుపొందిన సేకరణను కూడబెట్టింది; మీరు చదివిన చోటే కాబట్టి అనుమతి అడిగి, అందులో నల్లజాతి రచయితల పుస్తకాలు ఏమున్నాయో స్వయంగా చూసి రాసుకోండి. అలాగే మీ కళాశాలలోనే దళిత కవుల తెలుగు సంపుటాలు ఏ బీరువాలో ఉన్నాయో రేపు వెళ్లి పరిశీలించండి. తెలుగు సాహిత్యపు 894.827లో ఉన్నాయా, సామాజిక వర్గాల 305లో ఉన్నాయా? రెండో చోట ఉంటే పోర్టర్ చేసిన పనే మీ ముందుంది. సరిచేసి, ఒక్కో పుస్తకానికి రెండు మూడు వాక్యాల పరిచయంతో గ్రంథసూచి తయారుచేయండి. దరఖాస్తు పెట్టేనాడు మార్కుల పత్రాలతో పాటు దాన్ని కూడా జతచేయండి.