కనుబొమ్మలకు హెన్నా పెడితే నారింజ రంగు వచ్చింది.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 43. కనుబొమ్మల్లో తెల్ల వెంట్రుకలు వస్తున్నాయని తలకు పెట్టుకునే హెన్నానే రాశాను. తెల్లవన్నీ నారింజ రంగులోకి మారాయి, చుట్టూ చర్మానికీ మరక అంటింది. వచ్చే నెల అమ్మాయి పెళ్లి. పార్లర్‌లో బ్లాక్ హెన్నా వేస్తామంటున్నారు. వేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బ్లాక్ హెన్నా వద్దు. గోరింటాకులోని లాసోన్ అనే రంగు పదార్థం ఇచ్చేది ఎర్రటి నారింజ రంగే. నల్ల వెంట్రుక మీద అది తెలియదు, తెల్లదాని మీద పూర్తిగా బయటపడుతుంది. ఎక్కువసేపు ఉంచితే ఇంకా ఎర్రబడుతుందే తప్ప నల్లబడదు. అదే హెన్నా నిమిషాల్లో నల్లగా పండుతోందంటే వేరే రంగు కలిసినట్టే. చాలావరకు అది హెయిర్ డైల్లో వాడే పీపీడీ అనే రసాయనం. అది పడకపోతే రెప్పలు తెరవలేనంతగా వాచిపోవచ్చు. ఎప్పుడైనా హెయిర్ డైతో దురద వచ్చి ఉంటే దాని జోలికే వెళ్లొద్దు. అసలు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెన్నాను తల జుట్టుకే అనుమతించింది, కనుబొమ్మలకు కాదు.

చర్మం మీది మరకకు టెన్షన్ అక్కర్లేదు, ఒకటి రెండు వారాల్లో అదే పోతుంది. నిమ్మరసం, స్క్రబ్ లాంటివి కంటి దగ్గర రుద్దకండి, బ్లీచ్ అసలే వద్దు. వెంట్రుకల రంగు మాత్రం త్వరగా పోదు. పెళ్లికి బ్రౌన్ ఐబ్రో పెన్సిల్ చాలు. నన్నడిగితే ఎప్పటికీ అదే మేలు.

అయినా రంగే కావాలంటే హెన్నాలో నీలి ఆకు (ఇండిగో) పొడి కలిపితే బ్రౌన్ వస్తుంది. నీలి ఆకు ఒక్కటే పెడితే తెల్ల వెంట్రుకలు నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తాయి. పాళ్లు తేల్చుకోవడానికి దువ్వెనకు వచ్చిన తెల్ల వెంట్రుకలకు ముందు పెట్టి చూడండి. కడగగానే కనిపించేది అసలు రంగు కాదు, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అందుకే చాల్లేదని అదే రోజు మళ్లీ పెట్టొద్దు. చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు ఆగాకే ముఖం దగ్గరికి రావాలి. చుట్టూ చర్మానికి పల్చగా వాజలైన్ రాస్తే మరక అంటదు, వెంట్రుకలకు అంటితే రంగు పట్టదు. థ్రెడింగ్ చేయించుకున్న రోజు మానేయండి. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలు తేలిగ్గా పగిలిపోయే, పుట్టుకతో వచ్చే సమస్య) ఉన్నవాళ్లు హెన్నాకే దూరంగా ఉండాలి.

దురద, వాపు, నీటిపొక్కులు వస్తే వెంటనే కడిగేసి డాక్టర్‌కు చూపించండి. వాడిన ప్యాకెట్ కూడా తీసుకెళ్లండి.