అల్లుడూ, ముందుగాల ఆ సోల్డరింగ్ ఐరన్ పక్కకు పెట్టు

అల్లుడూ,

రాత్రి నువ్వు పంపిన ఫోటోలు చూసిన, ఆ నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ కూడ విన్న. ఫోన్ల చెప్తె సగం విని హా మామా హా మామా అంటవ్, అందుకే టైప్ చేస్తున్న, ముంగట పెట్టుకొని చూస్కుంట చెయ్యి. పాలమూరుల కూసొని సొంతంగ గిటార్ ఫజ్ పెడల్, గదే కాలుతోని నొక్కితె గిటార్ సప్పుడును గరగర చేసే డబ్బా, చేసినవ్ అంటె నాకైతె మస్తు సంబురమైంది గని మీ అమ్మ పొద్దుగాలనే ఫోన్ చేసి, మంచి స్టీల్ టిఫిన్ డబ్బాకు బొక్కలు పొడిచిండు అంత నీ పోలికే అని నన్ను తిట్టింది.

సరే పనికి వద్దాం. స్విచ్ ఆఫ్‌ల ఉంటె గిటార్ మంచిగ వినిపిస్తుంది, కాలుతోని నొక్కితె లైట్ వెలుగుతుంది గని సప్పుడు బంద్, గట్టిగ కొడ్తె ఏదో చిటపటమని సన్నగ వస్తది, ఇదే కదా నువ్వు చెప్పింది. ఇగ రెండు ట్రాన్సిస్టర్లు పీకి కొత్తయి వేద్దామనుకుంటున్నవ్. వద్దురా. నల్లగొండల షాపు పెట్టిన కొత్తల ఒక టేప్ డెక్ వచ్చింది నాకు, ఒక సైడు సప్పుడు లేదు, నేను మొనగాణ్ణి అనుకొని ఐసీ మార్చిన, కండెన్సర్లు మార్చిన, మార్చి మార్చి ఆఖరికి బోర్డు మీది రాగి పట్టీలు లేచొచ్చినయి, తీరా చూస్తె వాల్యూం కంట్రోల్ కాడ ఒక వైరు తెగి రబ్బరు తొడుగుల ఊరికె నిలబడ్డది. ఆ డెక్ ఓనర్‌కు నేనే పైసలు కట్టియ్యాల్సి వచ్చింది. సప్పుడు ఏడ చచ్చిపోతుందో దొరికినంక ఐరన్ వేడి చెయ్యి, అప్పటిదాంక నీ చేతిల మల్టీమీటర్ మాత్రమే ఉండాలె.

లైట్ వెలుగుతుంది కాబట్టి కరెంట్ వస్తుంది అన్నవ్ చూడు, అది సగమే నిజం. లైట్ దాక 9 వోల్టులు వచ్చినయని మాత్రమే దానర్థం, బోర్డు దాక వచ్చినయో లేదో దానికేం ఎరుక. మీటర్ డీసీ 20 మీద పెట్టు, నల్ల వైరు జాక్ బాడీకి పట్టు, ఎర్ర దాంతోని బోర్డు మీద ప్లస్ లైన్ చూడు. 9 దరిదాపుల రావాలె. 7 కిందికి పడితె బ్యాటరీ అయిపోయినట్టు, లేకుంటె బోర్డు ఎక్కువ గుంజుతున్నట్టు. ఈ ఫజ్ సర్క్యూట్ ఒక మిల్లీ ఆంపియర్ కూడ సరిగ్గ తాగదు, దానికన్న నీ లైటే ఎక్కువ తాగుతది, ఇంక నువ్వు రెండు దినాలకే బ్యాటరీ అయిపోయింది అంటివి, నాకు అక్కడనే డౌట్ కొట్టింది.

ఎందుకంటె ఈ సర్క్యూట్‌ల 33కే రెసిస్టర్, అంటె 33 వేల ఓమ్స్‌ది, ఒకటుంటది, 330 ఓమ్స్‌ది ఒకటుంటది. మొదటిది మూడూ నారింజ రంగు గీతలు, రెండోది నారింజ నారింజ బ్రౌన్. రాత్రి పూట పసుపు పచ్చ బల్బు కింద కూసొని చేసినవ్ కదా, తారుమారు అయినా కండ్లకు తెల్వది. 33కే జాగల 330 పడితె మొదటి ట్రాన్సిస్టర్ బ్యాటరీని ఉత్తగనే మింగేస్తది. రంగులను నమ్మకు, బ్యాటరీ తీసేసి మీటర్ ఓమ్స్‌ల పెట్టి చూడు. బోర్డు మీద ఉన్నది కొలిస్తె పక్క దారుల నుంచి కూడ పోతది కాబట్టి అంకె కొంచెం తక్కువ చూపిస్తది, గని 330కి 33 వేలకి తేడా ఎట్లయిన దొరుకుతది. ఇంకో సంగతి, ఇన్‌పుట్‌ల నువ్వు పెట్టింది స్టీరియో పీ38 జాకే కదా, గిటార్ వైరు దాంట్ల ఉన్నంతసేపు బ్యాటరీ ఆన్‌లనే ఉంటది, వాయించుడు అయినంక వైరు పీకేసుడు అలవాటు చేస్కో.

ఇగ ట్రాన్సిస్టర్ల సంగతి, నా అనుమానమంత ఈడనే ఉంది. నీ డయాగ్రంల ఉన్నది 2ఎన్ 3904, నువ్వు కోఠి గుజరాతీ గల్లీల తెచ్చింది బీసీ 547. రెండూ చూస్తె కవలల్లెక్కనే ఉంటయి గని కాళ్లు ఉల్టా. చదును మొఖం నీ దిక్కు పెట్టి కాళ్లు కిందికి పట్టుకుంటె బీసీ 547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్, 3904కేమో ఎమిటర్, బేస్, కలెక్టర్. బొమ్మల చూపినట్టే పెడితె తిరగబడ్డట్టే. తిరగబడితె పూర్తిగ చావదు, ఏదో సచ్చి బతికినట్టు సన్నగ చిటపటమంటది. నీకు వస్తున్నది అచ్చం అదే. అంటె పాత ట్రాన్సిస్టర్లే తీసి మొఖం అటు తిప్పి పెడితె చాలు, కొత్తయి కొనే పని లేదు.

తిప్పినంక వోల్టేజీలు రాస్కో. మొదటి దాని బేస్ మీద 0.6 దగ్గర, దాని కలెక్టర్ మీద 1.2 నుంచి 1.5 మధ్యల, రెండోదాని కలెక్టర్ మీద 4.5 వస్తె రాజయోగం. డయాగ్రంల ఆ కలెక్టర్ కాడ ఉన్న 8.2కే రెసిస్టర్ ఉన్నదున్నట్టు పెడితె సిలికాన్ ట్రాన్సిస్టర్లతోని 3 దగ్గర్నే ఆగుతది, దాని జాగల 10కే ప్రీసెట్ పెట్టి చిన్న స్క్రూడ్రైవర్‌తోని తిప్పుకుంట 4.5కి తెచ్చుకో. నాకు చెవితోని కూడ తెల్సు, సరిగ్గ కూసున్నప్పుడు తీగ మోగి మోగి సాఫీగ సల్లబడుతది, లేకుంటె నోరు మూసినట్టు టక్కున తెగిపోతది. అట్ల తెగుడే ఇష్టమున్నోళ్లు కూడ ఉన్నరనుకో.

ఈ సర్క్యూట్ ఇప్పటిది కాదు, 1966ల లండన్‌ల ఆర్బిటర్ కంపెనీ ఫజ్ ఫేస్ అని గుండ్రటి డబ్బాల అమ్మింది, గిటార్ వాయించే జిమీ హెండ్రిక్స్ కాలు పెట్టింది దాని మీదనే. మొదట్ల దాంట్ల జర్మేనియం ట్రాన్సిస్టర్లే ఉండె. ఇక్కడి పాత రేడియోలల్ల ఉండే ఏసీ 128 కూడ ఆ జాతిదే, నేను ఒక పాల డబ్బా నిండ కబాడీకి ఏసిన, ఇప్పుడు దాని రేటు వింటె కడుపు మండుతది. నీకు ఎవలన్న జర్మేనియంతోని చెయ్యమంటె ఒకటి గుర్తుపెట్టుకో, అవి పీఎన్‌పీ అయితె ప్లస్ ఎర్త్ అయితది, మిగతా పెడల్స్‌తోని ఒక్క ఎలిమినేటర్ (బ్యాటరీ బదులు పెట్టే అడాప్టర్) మీద కలిపినవంటె షార్టే.

అన్ని వోల్టేజీలు కరెక్టున్నయి, అయిన సప్పుడు రాదు అనుకో, అప్పుడు సప్పుడును ఎంటపడి పట్టాలె. ఒక పాత గిటార్ వైరు కోసి లోపలి తీగకు 104 కండెన్సర్ ఒకటి అతికించు, బయటి జాలీ ఎర్త్‌కు కట్టు, ఇంకో కొన ఆంప్‌ల పెట్టు, వాల్యూం మాత్రం తక్కువ పెట్టు లేకుంటె స్పీకర్ టప్ టప్ మంటది. పెడల్ ఇన్‌పుట్‌కు గిటార్ బదులు ఫోన్ల పాట పెట్టి చిన్న సౌండుతోని ఇయ్యి, అప్పుడు రెండు చేతులు ఖాళీగ ఉంటయి. ఇగ కండెన్సర్ కాలుతోని ఇన్‌పుట్ జాక్ నుంచి మొదలువెట్టి తాకుకుంట పో, జాక్, స్విచ్, ఇన్‌పుట్ కండెన్సర్, మొదటి బేస్, కలెక్టర్, అట్ల. పాట ఏడదాంక వచ్చి ఏడ ఆగితె ఆ రెండు జాగల నడుమనే దొంగ ఉన్నడు. ఇది బ్యాటరీ పెడల్‌కే, ఇంట్ల కరెంట్ మీద నడిచే ఆంప్ మూత తీసి దాంట్ల మాత్రం చెయ్యి పెట్టకు, నేను నిన్ను దగ్గరుండి చూస్తలేను.

దొంగ ఎక్కువసార్లు స్విచ్ కాడనే దొరుకుతడు. ఆ తొమ్మిది కాళ్ల స్విచ్‌ను పావు తిప్పు తిప్పి పెడితె వరసలు అడ్డం నిలువు అయిపోతయి, అన్ని వైర్లు తప్పే. ఎక్కువసేపు వేడి పెడితె లోపలి ప్లాస్టిక్ కరిగి కాళ్లు ఊగుతయి. మీటర్ బీప్‌ల పెట్టి నొక్కుకుంట చూడు. ఫోటోల రెండు సీసం అతుకులు మెరవకుండ బూడిద రంగుల ఉండలు కట్టి కనిపించినయి, అవి డ్రై సోల్డర్, అంటె సరిగ్గ అతకనియి, పేస్ట్ రాసి మల్ల వేడి చేస్తె పారుతది.

డబ్బా మూత తీస్తె మోగి మూస్తె ఆగితె అది దయ్యం కాదు, బోర్డు కింది మొనలు స్టీల్‌కు తాకుతున్నట్టు, అట్ట ముక్క పెట్టు. ఎలిమినేటర్ పెడితె గుయ్యిమంటె ముందు బ్యాటరీ పెట్టి చూడు, అప్పుడు పోతె పెడల్ మంచిదే. ఇంక పెడల్స్ పిన్ను నడుమ మైనస్ ఉంటది, మనకాడ దొరికే చాలా ఎలిమినేటర్లకు నడుమ ప్లస్, మీటర్‌తోని చూడకుండ గుచ్చకు. రేడియో మాటలు వినిపిస్తె నవ్వుకో, ఒకప్పుడు మన ఆకాశవాణి హైదరాబాద్ 738 స్టేషన్ నా ఆంప్లిఫయర్లల్ల అట్లనే దూరేది, ఇన్‌పుట్ వైరు జాలీ ఉన్నది వేసి, మొదటి ట్రాన్సిస్టర్ బేస్ కలెక్టర్ నడుమ 47 పీఎఫ్ కండెన్సర్ పెడితె పోతది.

ముందుగాల ఆ రెండు ట్రాన్సిస్టర్లు తిప్పు, 33కే చూడు, ఆ మూడు వోల్టేజీలు రాసి బోర్డు రెండు దిక్కుల ఫోటో పగటిపూట తీసి పంపు. ఆదివారం షాపు మధ్యాహ్నం దాంకనే, ఆ తర్వాత ఎప్పుడన్న ఫోన్ చెయ్యి. వచ్చేటప్పుడు మీ అమ్మకు కొత్త డబ్బా కొనుక్కొని రా, మూత బిగువు ఉన్నది చూసి తే.

మీ మామ
నల్లగొండ