హెచ్‌పీవీ పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు చెల్లెమ్మా

మిర్యాలగూడలో ఉన్న మీ అక్కకు 38 ఏళ్లు, హెచ్‌పీవీ పాజిటివ్, పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం కణాల పరీక్ష) నార్మల్ అని వచ్చింది, అన్నం ముట్టడం లేదని రాశావు. ముందు ఆమెతో రెండు ముద్దలు తినిపించు. హెచ్‌పీవీ అంటే లైంగిక కలయికతో సోకే వైరస్, చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. ఎక్కువమందిలో రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. ఏళ్ల తరబడి కనపడకుండా కూడా ఉంటుంది, ఎప్పుడు అంటిందో చెప్పలేం. మీ బావను నిలదీయడం దండగ.

రిపోర్ట్‌లో టైప్ నంబర్ చూడు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. అవైతే పాప్ నార్మల్ అని ఊరుకోకుండా కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని లెన్స్‌తో దగ్గరగా చూసే పరీక్ష) చేయించాలి. వేరే హైరిస్క్ (క్యాన్సర్ ముప్పున్న) రకమైతే మామూలుగా ఏడాదికి మళ్లీ టెస్ట్‌కు రమ్మంటారు. ఈలోగా నెలసరి కాని రోజుల్లోనో, కలిసిన తర్వాతో రక్తం కనిపిస్తే మాత్రం ఏడాది ఆగొద్దు.

కాల్పోస్కోపీకి భయమెందుకు? నాకు నల్లగొండలో చేశారు. వెనిగర్ లాంటి ద్రావణాన్ని దూదితో అద్ది, నిమిషం ఆగి, తెల్లమచ్చలు తేలాయేమో లెన్స్‌తో చూశారు. కాస్త చురుక్కుమంది, అంతే. చీర సర్దుకోవడానికే ఎక్కువ తిప్పలు పడ్డా!

నీకూ 30 దాటితే అక్కతో పాటే టెస్ట్ చేయించుకో. అక్క కూతురికి 9–14 ఏళ్లుంటే హెచ్‌పీవీ టీకా గురించి అదే డాక్టరమ్మను అడగండి.