రక్తంలో న్యుమోకాకస్: ఒక రకమా, రెండు రకాలా?

ప్రశ్న: మా మామగారికి 64 ఏళ్లు, షుగరు ఉంది. ఇటీవల న్యుమోనియాతో ఆసుపత్రిలో చేర్చినప్పుడు రక్తం కల్చర్‌లో (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలో) న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా పెరిగింది. రిపోర్టులో పెన్సిలిన్‌కు ఒక వరుసలో లొంగుతుందని, మరో వరుసలో లొంగదని ఉంది. ఒకే సూక్ష్మజీవి రెండు రకాలు ఒకేసారి సోకుతాయా? ఆయన ఇప్పుడు ఇంటి దగ్గర కులాసాగానే ఉన్నారు. మూడేళ్ల మా బాబుకు తరచూ జలుబు చేస్తుంది. వాడి నుంచి వచ్చిందేమోనని దిగులుగా ఉంది.
— ఒక గృహిణి, కావలి, నెల్లూరు జిల్లా

జవాబు: ముందుగా ఆ వరుసల పక్కన ఏముందో చూడండి. మెదడు పొరల దగ్గరకు పెన్సిలిన్ తక్కువగా చేరుతుంది కనుక, అక్కడి జబ్బుకు ఒక కొలమానం, మిగతా చోట్ల జబ్బుకు మరొకటి వాడి, ఒకే సూక్ష్మజీవికి రెండు ఫలితాలు రాయడం ల్యాబుల్లో ఉన్న పద్ధతే. మెనింజైటిస్ (మెదడు పొరల జబ్బు), నాన్ మెనింజైటిస్ (మిగతా చోట్ల జబ్బు) అని ఉంటే సోకింది ఒకటే రకం. మీ మామగారికి వర్తించేది నాన్ మెనింజైటిస్ వరుస. ‘ఐసొలేట్ 1’, ‘ఐసొలేట్ 2’ (వేరుచేసిన సూక్ష్మజీవి 1, 2) అని విడివిడిగా ఉంటేనే రెండు రకాలు పెరిగాయని అర్థం. సోకింది ఒకటే రకమని నా అంచనా.

అయినా మీ సందేహం అర్థంలేనిది కాదు. పైతొడుగులోని తేడాలను బట్టి న్యుమోకాకస్‌లో 100 దాకా సీరోటైపులను (రకాలను) గుర్తించారు. పసిపిల్లల ముక్కులో, ఏ జబ్బూ లేకుండానే, ఒకటికి మించిన రకాలు కలిసి ఉండడం కద్దు. వాటిలో రక్తంలోకి చేరి, ప్లీహం కాపలాను దాటి బతికేవి బహు కొద్ది. రక్తంలో పెరిగిన సూక్ష్మజీవులన్నీ ఒక్క కణం సంతతి కావచ్చని ఎలుకలపై చేసిన ప్రయోగాలు చూపాయి. అందుకే రక్తంలో రెండు రకాలు దొరకడం అరుదు. ఈ అరుదుతనంలో పరీక్షా విధానానికీ కొంత వాటా ఉంది: ప్లేటు మీద పెరిగిన కాలనీల్లో (సూక్ష్మజీవుల గుంపుల్లో) ఒకటో రెండో ఎంచి పరీక్షిస్తారు గనుక, గుప్పెడు గింజలు చూసి వడ్లరాశిలో కేళీలు (వేరే రకం గింజలు) లేవన్నట్టే, తక్కువ సంఖ్యలో ఉన్న రెండో రకం లెక్కలోకి రాకపోవచ్చు.

ఒకే రోగి కఫంలో వేర్వేరు రకాలు ఉండడాన్ని బ్రిటిష్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ గ్రిఫిత్ గమనించి, ఒక రకం మరో రకంగా మారగలదని 1928లో ఎలుకల ద్వారా నిరూపించాడు. పెన్సిలిన్‌ను తట్టుకునే గుణం కూడా ఇలా ఒక రకం నుంచి మరో రకానికి జన్యువులు చేతులు మారడం వల్లే చాలావరకు వ్యాపించింది. నిజంగా రెండు రకాలున్నప్పుడు రెండింటికీ పనిచేసే మందును ఎంచుకుంటారు. ఆసుపత్రుల్లో తొలిరోజే మొదలుపెట్టే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ చాలాసార్లు ఆ పని చేస్తుంది.

బాబు నుంచి సోకి ఉండవచ్చు, కాకపోనూవచ్చు. అది తేల్చడం వల్ల ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. జలుబుకల్లా యాంటీబయాటిక్ వేయకండి, అది ముక్కులోని మొండి రకాలకే మేలు చేస్తుంది. దేశమంతటా 2021 నుంచి ప్రభుత్వమే 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఉచితంగా వేయిస్తున్న న్యుమోకాకల్ టీకా (పీసీవీ) వాడికి పడిందో లేదో కార్డులో చూడండి. పెద్దలకు ఆ ఉచిత పథకం వర్తించదు. షుగరు ఉన్న మీ మామగారికి ఒకసారి జబ్బు వచ్చి తగ్గినా మిగతా రకాల నుంచి రక్షణ ఉండదు కాబట్టి, పెద్దల టీకా ఎప్పుడు వేయించాలో ఆయనను చూస్తున్న వైద్యులనే అడగండి.