ఐదుగురూ ఒకే టెంప్లేట్‌లో గీయాలంటే?

ప్రశ్న: నమస్తే సార్. మాది విజయవాడలో చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసు, ఐదుగురం ఆటోక్యాడ్‌లో (కంప్యూటర్లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) గీస్తాం. ఒకళ్ల గోడలు ఎర్ర లేయర్‌లో (పొరలో) ఉంటే ఇంకొకళ్లవి పసుపులో, షీట్ మీద ఆఫీసు వివరాలుండే టైటిల్ బ్లాక్ కూడా తలా ఒకటి. మొన్న పక్కవాళ్ల ఫైల్లోంచి తలుపు బ్లాక్ (ముందే గీసి పెట్టిన బొమ్మ) తెచ్చి పెడితే ఇల్లంత తలుపు వచ్చింది. అందరికీ ఒకే టెంప్లేట్ (కొత్త ఫైల్ మొదలుపెట్టే నమూనా ఫైల్) ఎలా పెట్టాలి?

జవాబు: ముందు ఆ తలుపు సంగతి చూద్దాం. మిల్లీమీటర్లలోనే గీస్తారు గానీ ఎవరో అంగుళాల టెంప్లేట్‌తో ఫైల్ మొదలుపెట్టుంటారు, దాంతో 900 ఎంఎం తలుపుని ఆటోక్యాడ్ 900 అంగుళాలనుకుని 25.4తో గుణించి 22,860 ఎంఎం చేసేసింది, అంటే దాదాపు 75 అడుగుల తలుపన్నమాట! కాబట్టి మీ టెంప్లేట్‌లో మొదట యూనిట్స్ కమాండ్ కొట్టి ఇన్సర్షన్ స్కేల్ మిల్లీమీటర్స్ పెట్టండి. తర్వాత లేయర్లు, టెక్స్ట్ స్టైల్, డైమెన్షన్ స్టైల్, లేఅవుట్లు, పేజ్ సెటప్, అంతే. బొమ్మలు, ఫర్నిచర్ బ్లాకులన్నీ అందులోనే కుక్కకండి, ప్రతి కొత్త ఫైలూ ఆ బరువు మోస్తుంది.

సేవ్ యాజ్‌లో డీడబ్ల్యూటీగా (టెంప్లేట్ ఫైల్ రకం) సర్వర్ ఫోల్డర్లో పెట్టండి. ఇక ప్రతి సిస్టమ్‌లో ఆప్షన్స్, ఫైల్స్ ట్యాబ్, టెంప్లేట్ సెట్టింగ్స్‌లోకెళ్లి టెంప్లేట్ ఫోల్డర్‌గా దాన్నే చూపించండి, కిందే క్యూన్యూ (కొత్త ఫైల్ తెరిచే కమాండ్) కోసం డిఫాల్ట్ టెంప్లేట్ అని ఉంటుంది, అక్కడ మీ ఫైల్ పేరివ్వండి. పాత్ ఇచ్చేటప్పుడు జెడ్ డ్రైవ్, వై డ్రైవ్ అని కాకుండా సర్వర్ పేరుతోనే ఇవ్వండి, ఎందుకంటే ఒక సిస్టమ్‌లో జెడ్ అయినది ఇంకోదాంట్లో వై అయ్యి కూర్చుంటుంది.

చాలామంది ఇక్కడితో ఆపేసి ప్రింట్ రోజు నాకు మళ్లీ రాస్తారు 😄. ఏ గీత ఎంత లావుగా, ఏ రంగులో ప్రింట్ కావాలో చెప్పేది సీటీబీ ఫైల్. టెంప్లేట్‌లో దాని పేరు మాత్రమే ఉంటుంది, ఆ ఫైల్ ఉండదు. అది దొరకని సిస్టమ్‌లో గోడా డైమెన్షన్ లైనూ ఒకే లావుతో, పైగా రంగుల్లో వస్తాయి. సీటీబీని కూడా సర్వర్లో పెట్టి, అదే ఫైల్స్ ట్యాబ్‌లో ప్లాట్ స్టైల్ టేబుల్ పాత్ కూడా మార్చండి. వేరే ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్ (ఆటోక్యాడ్ సొంత ఫాంట్ రకం) వాడితే దాని ఫోల్డర్ని సపోర్ట్ పాత్‌లో కలపండి.

పాత డ్రాయింగులు మాత్రం వాటంతటవి మారవు. ఫైల్ పుట్టేటప్పుడే టెంప్లేట్ పనికొస్తుంది, ఆ తర్వాత ఫైల్‌కీ దానికీ సంబంధం లేదు. కంట్రోల్ 2 కొట్టి డిజైన్ సెంటర్లోంచి లేయర్లు లాగొచ్చు గానీ అదే పేరుతో లేయర్ ముందే ఉంటే పాతదే ఉండిపోతుంది, ఎర్ర గోడ ఎర్రగానే ఉంటుంది. పేర్లు వేరైతే లేట్రాన్స్ కమాండ్ మంచిది, పాత లేయర్ని కొత్తదానికి జత చేసి మార్చేస్తుంది. టైటిల్ బ్లాక్‌ని అయితే నేను టెంప్లేట్‌లో ఎక్స్‌రెఫ్‌గానే (బయటి ఫైల్‌కి లింక్‌గా) పెడతా. ఆఫీసు ఫోన్ నంబర్ మారితే ఒక్క ఫైల్లో మారిస్తే చాలు, తర్వాత ఏ షీట్ తెరిచినా కొత్త నంబరే కనిపిస్తుంది.

ఇంకోటి, ఆ ఫోల్డర్లో రాసే పర్మిషన్ ఒక్కరికే ఇవ్వండి, మిగతావాళ్లకి రీడ్ ఓన్లీ. మా దగ్గర ఒకబ్బాయి ఓపెన్‌లో నేరుగా డీడబ్ల్యూటీ తెరిచి, రెండు బెడ్‌రూమ్‌లు గీసి కంట్రోల్ ఎస్ కొట్టాడు. వారం రోజులు మేం తీసిన ప్రతి కొత్త ఫైల్లో ఆ రెండు బెడ్‌రూమ్‌లూ ప్రత్యక్షం.