తోటల సంఘానికి లయబిలిటీ బీమా (సంఘం వల్ల ఇతరులకు జరిగే నష్టానికి పరిహారం ఇచ్చే బీమా) ప్రీమియం పెరిగితే డబ్బు ఎలా సర్దుకోవాలి?

పెరిగినదంతా చందా మీద వేసేయకండి. ముందు ఎందుకు పెరిగిందో బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగండి. సాధారణంగా నెలవారీ సమావేశాల కంటే బయటివాళ్లు వచ్చే మొక్కల ప్రదర్శనలు, తోట సందర్శనలకే రిస్కు ఎక్కువ. దారికి అడ్డంగా పడున్న నీళ్ల పైపు కాలికి తగిలి ఒక్కరు పడినా క్లెయిము రావచ్చు. అందుకే ఆ వాటాను ప్రవేశ టికెట్లో, స్టాల్ అద్దెలో కలపడమే న్యాయం. స్టాల్ పెట్టేవాళ్ల సొంత బీమా పత్రం కూడా ముందే తీసుకోండి.

మిగతాది చందాలోకి వెళ్తుంది. లెక్క తప్పేది ఇక్కడే. ఉదాహరణకు 24,000ను 80 మందికి పంచితే తలా 300. చందా పెరిగిందని 10 మంది మానేస్తే తలా 343. కాబట్టి కచ్చితంగా కొనసాగేవాళ్ల సంఖ్యతోనే భాగించండి, రెన్యువల్‌కు నెల ముందే వసూలు ముగించండి.

ఇతర సంఘాలతో కలిసి గ్రూపు పాలసీ దొరుకుతుందేమో కనుక్కోండి. డిడక్టిబుల్ (క్లెయిములో సంఘమే సొంతంగా భరించే మొత్తం) పెంచితే ప్రీమియం తగ్గుతుంది, కానీ అంత సొమ్ము బ్యాంకులో విడిగా ఉండాలి. కవరేజీ తగ్గించే ముందు మీరు అద్దెకు తీసుకునే హాలు ఒప్పందం చదవండి, ఉండాల్సిన కనీస బీమా మొత్తం అందులో రాసి ఉండొచ్చు. బీమా కంపెనీకి సందర్శకుల సంఖ్యను మాత్రం తగ్గించి చూపకండి. ఆ కారణంతో క్లెయిము తిరస్కరిస్తే భారమంతా సంఘం మీదే పడుతుంది.